రాజమండ్రి, కోనసీమ, భీమవరం 4 రోజులు: తెలియని ఊళ్ళల్ల మంచి తిండి ఎట్ల పట్టుకోవాలె?

ఓరుగల్లు_బండి:
అన్నలూ అక్కలూ అందరికి నమస్తే. మాది హన్మకొండ. ఆగస్టు నడిమిట్ల నాలుగు రోజులు గోదావరి దిక్కు వస్తున్నం, సొంత కారు. నేను, నా భార్య, ఆరేండ్ల బాబు, అమ్మ, నాయిన. రాజమండ్రిల దిగుతం, అటెంక ద్రాక్షారామం, కోనసీమ, లాస్టుకు భీమవరం చూసుకొని వాపస్.

గుడులు, పడవలు, రూములు అన్నీ సెట్ అయినయ్, తిండి కాడనే సమజైత లేదు. పోయినేడు మైసూరు పోయినప్పుడు యాప్‌ల 4.6 ఉన్న హోటల్ పట్టుకొని ఆటోకు 180 ఇచ్చి పోయినం, గంట సేపు లైన్ల నిలబడ్డం, తీరా తింటే మా గల్లీల దోసెకు దానికి ఏం ఫరక్ లేదు. ఆఖరికి బస్టాండ్ కాడ పేరు కూడ చూడకుండ తిన్న సెట్ దోసెనే ఇంటిల్లిపాదికి యాదికున్నది. ఈసారి గట్ల కావద్దని ముందే అడుగుతున్న. హైదరాబాద్‌ల గోదావరి రుచులు అని బోర్డు పెట్టిన హోటళ్ళు మస్తున్నయ్ గని అసలు అక్కడోళ్ళు ఏం తింటరు, ఏడ తింటరు? అమ్మ శ్రావణంల నీసు ముట్టది. నాయినకు షుగర్, టైముకు తినాలె. నాకైతే పులస తినాలనున్నది. హోటల్ పేర్లు చెప్పినా సరే, ఎట్ల వెతుక్కోవాల్నో చెప్పినా సరే.

గట్టుమీద_గోపి:
శ్రావణంలో వస్తూ పులస అడుగుతున్నారంటే అమ్మగారి చేత తిట్లు తినడానికి కూడా రెడీగా వస్తున్నారన్నమాట. రండి రండి. రాజమండ్రిలో దిగగానే మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగండి, బాబుకి నచ్చుద్ది. నాన్నగారికి చూపించకండే.

మందుల_బ్యాగు:
నేను మెడికల్ రెప్పునండి. 11 ఏళ్ళుగా ఈ జిల్లాల్లోనే తిరుగుతున్నా, వారంలో ఐదు మధ్యాహ్నాలు ఐదు ఊళ్ళలో అన్నం తింటాను, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందుగా, మావోళ్ళని "ఇక్కడ మంచి హోటల్ ఏదండి" అని మాత్రం అడక్కండి. అడిగేరో, తిన్నగా ఏసీ రెస్టారెంటుకి పంపించేస్తారు. మోసం కాదండి, మర్యాద. కారేసుకుని పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని అంత దూరం నుంచొచ్చిన మనిషిని రేకుల షెడ్డులో బల్ల మీద కూర్చుని తినమనడం మావోళ్ళకి నామోషీ. ఆ చెప్పినాయన మాత్రం ఆ ఏసీలో ఎప్పుడూ తిని ఉండడు. అందుకని "మీరు ఇవాళ ఎక్కడ తిన్నారండి?" అని అడగండి. ముందు నవ్వుతాడు, తర్వాత "అబ్బే, అది మీకు బాగోదండి, ఫ్యామిలీతో ఉన్నారు" అంటాడు. ఆ బాగోనిదే మీకు కావాల్సింది, వదలకండి, దారి అడగండి.

ఎవర్ని అడగాలన్నది కూడా ఉంది. లాడ్జి కౌంటర్లో కుర్రాణ్ణి అడిగితే వాళ్ళ కింద ఫ్లోర్లో ఉన్నదే చెప్తాడు. కోర్టు దగ్గర జిరాక్సు షాపతన్ని, తాసిల్దారాఫీసు బయట కూర్చునే దస్తావేజు లేఖరిని, ఆర్టీసీ కాంప్లెక్సులో, అంటే బస్టాండులో, టీ తాగుతున్న కండక్టర్లని, ఆసుపత్రి ఎదురుగా మందుల షాపాయన్ని అడగండి. వీళ్ళు రోజూ బయట తినేవాళ్ళు, కడుపు పాడైతే మర్నాడు డ్యూటీ పోద్ది. వీళ్ళు తినే చోట నాలుగు రోజులు వంట సరిగ్గా లేకపోతే ఐదో రోజు బల్లలు ఖాళీ. హైవే మీద హోటలాయనకి ఆ భయమే లేదు, ఇవాళొచ్చిన కారు మళ్ళీ ఏడాది దాకా రాదని ఆయనకి తెలుసు. రావులపాలెం నుంచి తణుకు దాకా హైవే పక్కన లైట్ల బోర్డులు చూస్తారు కదా, గోదావరి రుచులు అని ఉంటుంది, కిందే తందూరీ, చైనీస్, మండి కూడా ఉంటాయి. అన్నీ చెడ్డవని అనను, బాత్రూములు మాత్రం బాగుంటాయి, పెద్దవాళ్ళతో వస్తున్నారు కాబట్టి అది చిన్న విషయం కాదు. టీ తాగి బయల్దేరండి.

తర్వాత టైము. మా ఊళ్ళలో మంచి తిండి దొరికేది ఎక్కడ అన్నదానికంటే ఎప్పుడు అన్నదాన్ని బట్టి ఉంటుందండి. భోజనం హోటలైతే 12:30 కల్లా కూర్చోవాలి. ఒంటిగంటన్నరకి వెళ్తే "ఇగురు అయిపోయిందండి, పప్పుచారు, పెరుగు ఉంది" అంటారు, కోప్పడకండి, అది మంచి హోటలే. మూడింటికి కూడా పద్నాలుగు కూరలు పొగలు కక్కుతూ ఉన్నాయంటే మాత్రం ఆలోచించండి. రాత్రి పూట చిన్న ఊళ్ళలో అన్నం మీద ఆశ పెట్టుకోకండి, చీకటి పడితే టిఫినే, ఇడ్లీ, పెసరట్టు, ఉల్లిపాయట్టు. నాన్నగారికి షుగరన్నారు కాబట్టి మధ్యాహ్నం భోజనాన్ని గట్టిగా పట్టుకోండి, రాత్రికి పెసరట్టు వేయించండి.

ఇంక అంబాజీపేట. అమలాపురం వైపు వెళ్ళేటప్పుడు అక్కడ పొట్టిక్కలు తినకుండా పోకండి. పనసాకుల్ని పుల్లలతో బుట్టల్లా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పట్టేస్తుంది. అల్లం పచ్చడి, కొబ్బరి చట్నీ. పొద్దున్నే వెళ్ళాలి, పదింటికి అడిగితే జాలిగా చూస్తారు. అమ్మగారు కూడా నిక్షేపంగా తినొచ్చు.

పాలకొల్లు మీదుగా భీమవరం వెళ్తే దిబ్బరొట్టి. మినప్పిండిలో రవ్వ కలిపి దళసరి మూకుట్లో సన్నసెగ మీద కాలుస్తారు, కింద ఎర్రటి చెక్కు, లోపల దూదిలా. ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలెయ్యదు, మీరు ముగ్గురికి రెండు చెప్పండి చాలు.

మ్యాపు_మనిషి:
పైన గురువుగారు చెప్పింది బానే ఉంది గాని అందరికీ దస్తావేజు లేఖరులు దొరకరు కదండీ, ఆదివారం దిగితే కోర్టూ ఉండదు తాసిల్దారూ ఉండడు. యాప్‌ని మరీ తీసిపారెయ్యకండి, చదవడం రావాలంతే. నేను ఉద్యోగరీత్యా నెలకో ఊరు, నేను చేసేది ఇది. స్టార్లు అస్సలు చూడను. రివ్యూలు కొత్తవి పైకొచ్చేలా పెట్టుకుంటా, ఎందుకంటే వంటమాస్టారు మారితే రెండేళ్ళ కిందటి 4.5కి విలువ లేదు. రెస్టారెంట్ అని కాకుండా వంటకం పేరు కొట్టి వెతుకుతా, అదీ తెలుగులో. దిబ్బరొట్టి అని తెలుగులో టైప్ చేస్తే వచ్చే చోట్లు వేరు, బెస్ట్ ఫుడ్ అని కొడితే వచ్చేవి వేరు. ఫోటోల్లో హోటలోళ్ళు పెట్టినవి వదిలేసి జనం పెట్టినవి చూస్తా, విస్తరి మీద ఏం పడిందో, వెనకాల బల్లల మీద ఎవరు కూర్చున్నారో తెలుస్తుంది. ఒక స్టారు ఇచ్చినోళ్ళని మాత్రం వదలకుండా చదువుతా. "పార్కింగ్ లేదు, ఏసీ లేదు, తొందరగా లెమ్మంటున్నారు, రెండింటికే అయిపోయిందన్నారు" అని తిట్టేరంటే నేను ఆటో ఎక్కేసినట్టే. కడుపునొప్పి, పాచివాసన అని ఇద్దరు రాస్తే ఇంక ఆ వైపు చూడను.

వీడియోల వాళ్ళ సంగతి వేరే. వాళ్ళొచ్చిన వారానికి ఆ పాక హోటల్ ముందు నలభై కార్లుంటాయి, ఆరు నెలలకి రేటు పెరుగుద్ది, ఏడాదికి హైదరాబాద్‌లో బ్రాంచి. ఆ హోటలాయన బాగుపడితే సంతోషమే, మనకి మాత్రం ఆ కూర మిగలదు.

అమలాపురం_ఆడపడుచు:
పులస గురించి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా, నేనిప్పుడు ఉండేది కూకట్‌పల్లిలో అయినా పుట్టిల్లు అక్కడే. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత విని వచ్చేవాళ్ళని మోసం చెయ్యడం చాలా తేలికండి. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటాం. వరదలప్పుడు, అంటే జులై నుంచి సెప్టెంబరు దాకా, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ ఎర్రనీళ్ళలోకి వస్తుంది, ఆ నీళ్ళలో ఈదీ ఈదీ రంగూ రుచీ మారితేనే పులస. పైకి ఎంత ఎగబాకినా ధవళేశ్వరం ఆనకట్ట దాకానే. దొరికేవి మరీ తక్కువైపోయాయి. యానాం మార్కెట్‌లో ఒక్క చేప ఇరవై వేలు దాటి వేలంలో పోయిందని పేపర్లో మీరూ చూసే ఉంటారు. అలాంటప్పుడు హోటల్లో ప్లేటు 400కి పులస పులుసు అని బోర్డు కనిపిస్తే అది ఏ ఒరిస్సా నుంచో ఐస్‌లో వచ్చిన విలసో, లేకపోతే పూర్తిగా వేరే చేపో. చేపలు బాగా తెలిసిన మా పెదనాన్నగారబ్బాయి లాంటివాడే ఓ హోటల్లో రెండు వేలు పెట్టి తిని మర్నాడంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

అసలు పులస హోటల్లో కుదిరే వంట కూడా కాదు. మట్టిదాకలో చింతపండు పులుసు పోసి, బెండకాయలు వేసి, సన్నసెగన గంటలు గంటలు పెట్టి, ఆఖర్న ఆవకాయ మీద తేరిన నూనె వేసి, ఆ రాత్రి అలా వదిలేసి మర్నాడు తినాలి. ముళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి, బాబుకి పెట్టకండి. ఎవరైనా తెలిసినవాళ్ళ ఇంట్లో పెడితే అదృష్టం అనుకోండి, లేకపోతే ఈసారికి వదిలేసి పండుగప్పో కొరమీనో తినండి, ఆ డబ్బుల్లో పదోవంతుకి హాయిగా వస్తుంది. నవంబరు వైపు ఎప్పుడైనా వస్తే చీరమేను అడగండి, సన్న సేమ్యాలా ఉండే చేపపిల్లలు, తూకం కాదు, తవ్వలతో శేర్లతో కొలిచి అమ్ముతారు.

మీ అమ్మగారికి మాత్రం మా కోనసీమలో లోటు లేదండి. అప్పనపల్లి వెళ్తే మధ్యాహ్నం గుడిలో అన్నదానం ఉంటుంది, కూర్చోండి, మొహమాటం వద్దు. దారిలో పి.గన్నవరం తగులుతుంది. ఆ మండలంలోదే డొక్కా సీతమ్మ గారి ఊరు లంకల గన్నవరం, ఏ వేళకి ఎవరొచ్చినా ఆకలని పంపని మనిషి, 1909లో పోయారు, అక్కడ కొత్త అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు. కాలవ నీళ్ళు నది మీదుగా పోతుంటాయి, బాబుకి చూపించండి. పనసపొట్టు కూర, కంద బచ్చలి ఆవపెట్టి చేసింది హోటళ్ళలో వెతక్కండి, అవి పెళ్ళిళ్ళ వంటలు, వంటవాళ్ళకి ముందురోజు చెప్తే చేసి క్యారేజీలో ఇస్తారు. మీరు ఉండే రిసార్టు వాళ్ళనో ఇంటివాళ్ళనో అడగండి, ఎవరో ఒకరి పిన్నిగారు చేసేవాళ్ళు ఉండే ఉంటారు.

ఓరుగల్లు_బండి:
అక్కా పులస కథ చెప్పి మా జేబు కాపాడినవ్. ఇంకో రెండు డౌట్లు. ఒకటి, శనివారం ఆత్రేయపురం పోయి పూతరేకులు కొందామనుకుంటున్నం, అక్కడ షాపులు మస్తున్నయట, ఏది అసలుదో ఎట్ల తెలుస్తది? రెండు, కాజా అంటే తాపేశ్వరమా కాకినాడా? మా ఆఫీసుల ఇద్దరు దీని మీద కొట్లాడుకుంటున్నరు.

గట్టుమీద_గోపి:
శనివారమా! వద్దండి బాబూ. వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాల మొక్కు జనం వస్తారు, ఆత్రేయపురం దారంతా బళ్ళే. శుక్రవారం వెళ్ళండి, ఆదివారం వెళ్ళండి, శనివారం మాత్రం రావులపాలెం దగ్గర కారులోనే ముసలాళ్ళైపోతారు.

పూతరేకులకి అసలు, నకిలీ అని ఏం లేదండి, కొత్తదా పాతదా అంతే. ఇళ్ళ ముందు ఆడవాళ్ళు బోర్లించిన కుండ మీద రేకు తీస్తూ కనిపిస్తారు. కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద అలా లాగి ఇలా తీస్తే కాగితంలా వచ్చేస్తుంది. ఆ ఇంట్లోనే అడిగి ఎదురుగా చుట్టించుకోండి. నెయ్యి వాసన రావాలి, నోట్లో పెడితే నమిలే పని ఉండకూడదు. పోస్టరులో జీఐ అని రాసుంటుంది, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో వచ్చిన మాట నిజమే గాని అది ఊరి పేరుకి వచ్చింది, ఆ డబ్బా ఎప్పుడు చుట్టారో అది చెప్పదు కదా. బెల్లంవి తీసుకోండి. బెల్లమైతే షుగరుకి మంచిదని షాపులో చెప్తారు, నాన్నగారిని నమ్మనివ్వకండి.

కాజా గొడవ తేలేది కాదు. తాపేశ్వరంది మడత కాజా, పొరలు పొరలుగా విడిపోద్ది. కాకినాడది గొట్టం కాజా, లోపలంతా పాకమే, కొరికేటప్పుడు చొక్కా జాగ్రత్త. ద్రాక్షారామం నుంచి కాకినాడ ఎలాగూ దగ్గరే కాబట్టి రెండూ కొనేసి ఆ ఇద్దరినీ మీ ఆఫీసులోనే కొట్టుకోమనండి. కాకినాడ వెళ్తే సుబ్బయ్య గారి హోటల్, పూర్తి శాకాహారం, విస్తరి నిండా వడ్డిస్తూనే ఉంటారు, వద్దన్నా వినరు. అది అందరికీ తెలిసిందే కాబట్టి లైను ఉంటుంది, నాన్నగారికి ముందే ఏదో ఒకటి పెట్టి తీసుకెళ్ళండి.

చెరువు_గట్టు:
భీమవరం వైపు ఎవరూ రాలేదేంటండీ ఇంకా. ఆయ్, మాది ఉండి దగ్గర, రొయ్యల చెరువులు. బాబయ్యగారూ, ఇక్కడికొచ్చి "పెద్ద రొయ్యలున్నాయా" అని అడక్కండి, హోటలాయన మిమ్మల్ని టూరిస్టు కింద రాసేసుకుంటాడు. రొయ్యని కౌంట్ మీద చెప్తాం, 30 కౌంట్ అంటే కిలోకి 30. పెద్దవి చాలావరకు ఫ్యాక్టరీకెళ్ళి అక్కణ్ణించి ఓడెక్కేస్తాయి. మేం ఇంట్లో వండుకునేది చిన్నదే, 100 కౌంట్ తెచ్చి ఇగురు పెడితే మసాలా లోపలికి పట్టుద్ది, పెద్దదాంట్లో పైన కారం లోపల చప్పదనం. కాబట్టి చిన్నరొయ్య ఇగురు ఏ హోటల్లో ఉందో అడగండి. గోంగూరతో చేస్తే ఇంకా మంచిది. పీతల పులుసు ఉంటే బాబుకి చొక్కా విప్పేసి కూర్చోబెట్టండి.

మా దగ్గర బిర్యానీ కంటే పలావు బాగుంటుంది, ఇది నా సొంత అభిప్రాయం, దీనికి నన్ను తిట్టేవాళ్ళు తిట్టుకోవచ్చు. ఇంకోటి, కూర్లో కాస్త తీపి తగిలితే పాడైపోయిందనుకోకండి, పులుసులో బెల్లంముక్క వెయ్యకపోతే మావోళ్ళకి ముద్ద దిగదు. మీ వరంగల్ కారం కావాలంటే ముందే చెప్పాలి. సంక్రాంతికి మాత్రం రూము చూసుకోకుండా రాకండి, కోడిపందేల జనంతో లాడ్జీలన్నీ నిండిపోతాయి, హోటళ్ళలో ప్లేటు చేతికిచ్చి నిలబడి తినమంటారు.

ఓరుగల్లు_బండి:
వాపస్ వచ్చినం. ఎట్లయ్యిందో చెప్పకపోతే మర్యాద కాదని రాస్తున్న.

మొదటి రోజు రాజమండ్రిల ఆటో అన్నను మందుల బ్యాగు అన్న చెప్పినట్టే అడుగుదామనుకున్న గని నోరు జారి "మంచి హోటల్ ఏది" అన్న. సీదా ఏసీ హోటల్ ముంగట ఆపిండు. కార్పెట్టు, నీళ్ళ ఫౌంటెన్, పనీర్ బటర్ మసాలా. తిన్నం, వచ్చినం, చెప్పేటందుకు ఏం లేదు. మా నాయిన బిల్లు చూసి ఫౌంటెన్‌కు కూడ కట్టినట్టుంది అన్నడు.

రెండో రోజు పొట్టిక్కలు. తయారయ్యేసరికి అమ్మ పూజ, బాబు స్నానం, అంబాజీపేట చేరేసరికి పది దాటింది. అయిపోయినయ్! మీరన్నట్టే ఆమె జాలిగ చూసింది. మూడో రోజు పట్టుబట్టి ఏడున్నరకల్లా పోయినం, అమ్మ నాలుగు తిన్నది, నేను లెక్క చెప్ప. పనసాకు బుట్టలు బాబు కడిగి ఇంటికి తెచ్చిండు, ఇప్పుడు ఎండి అలమారల ఉన్నయ్.

అసలు ముచ్చట అమలాపురంల. జిరాక్సు షాపుల ఆధార్ కాపీ తీపిచ్చుకుంట "అన్నా నువ్వు ఇయ్యాల ఏడ తిన్నవ్" అన్న. నవ్విండు, "అబ్బే మీకు బాగోదండి" అన్నడు. నా భార్య నేను ఒకల మొఖం ఒకలం చూసుకున్నం, మీరు రాసింది రాసినట్టే అన్నడు కద మరి. బతిమిలాడితే సందులోకి చెయ్యి చూపిచ్చిండు. ఇంటి ముంగట రేకుల పందిరి, నాలుగు బల్లలు, బోర్డు లేదు. ఒక పెద్దమ్మ వండుతది, ఆమె కొడుకు వడ్డిస్తడు. అమ్మకు పప్పు, దొండకాయ వేపుడు, కొబ్బరి పచ్చడి, గుమ్మడికాయ పులుసు. మాకు పండుగప్ప పులుసు. తీపి తగుల్తదేమో అని భయపడ్డ, తగిలింది, మంచిగనే ఉన్నది. మా నాయిన షుగర్ పేరు చెప్పి అన్నం ఒక్కసారే పెట్టించుకుంటడు ఎప్పుడు, ఆ రోజు ఆమె "ఇంకో ముద్దండీ నాన్నగారూ" అంటే వద్దనలేకపొయిండు. ఐదుగురికి కలిపి మొదటి రోజు బిల్లుల మూడో వంతు కూడ కాలే.

దిబ్బరొట్టి ముగ్గురికి రెండు అన్నరు, మేం ఐదుగురం మూడు చెప్పినం, ఒకటి కార్ల పెట్టుకొని భీమవరం దాక చింపుకుంట తిన్నం. చిన్నరొయ్య ఇగురు గురించి చెరువు గట్టు అన్నకు దండం.

మ్యాపు_మనిషి:
సూపరండి. ఆ అమలాపురం హోటల్ లొకేషన్ పెట్టండి, వచ్చే నెల డ్యూటీ అటే.

ఓరుగల్లు_బండి:
మ్యాపుల లేదు అన్నా, నేను కూడ చూసిన. జిరాక్సు షాపు పక్క సందు, చివరికి పోతే పెద్ద చింతచెట్టు, దాని కిందనే.

మందుల_బ్యాగు:
ఆ చింతచెట్టు కింద రెండున్నాయండి. మీరు తిన్నది ఆకుపచ్చ రేకుల్దా, నీలం రేకుల్దా?